యూకేలో థియరీ పాసవ్వకముందే కారు ప్రాక్టీస్ చేయొచ్చా?

గోదారి_టు_స్విండన్:

నమస్కారం అండీ. మా ఇంట్లో నెల రోజులుగా ఒకటే వాదన, ఎటూ తేలడం లేదు. ఇక్కడే నేర్చుకుని పాసైన వాళ్ళు చెబితే నమ్మకంగా ఉంటుందని అడుగుతున్నాను.

మేం స్విండన్‌లో ఉంటాం. నేను డిపెండెంట్ వీసా మీద వచ్చి 14 నెలలైంది. కాకినాడలో తీసుకున్న లైసెన్స్ ఉంది కానీ అది ఎక్కువగా స్కూటీకే పనికొచ్చింది. కారు మాత్రం నాన్న పక్కన కూర్చుంటే ఓ పదిసార్లు నడిపి ఉంటాను. వచ్చిన కొత్తలో ఆ లైసెన్స్‌తోనే 12 నెలలు నడుపుకోవచ్చని తెలుసు. కానీ పాప చిన్నది, పైగా చలికాలం, సాయంత్రం నాలుగింటికే చీకటి. ఇవాళ కాదు రేపు అనుకుంటూనే ఆ ఏడాది కాస్తా దాటిపోయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో 34 పౌండ్లు కట్టి ప్రొవిజనల్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్స్, తెప్పించుకున్నాను. థియరీకి వచ్చే నెల 19న స్లాట్ దొరికింది.

మా ఆయన ఏమంటారంటే, థియరీ పాసయ్యేదాకా కారు తాళాలు ముట్టుకోవద్దని. "మన దగ్గర పరీక్ష రాసి ఎల్‌ఎల్‌ఆర్ చేతికొస్తేనే కదా బండి తీసేది, ఇక్కడా అంతే ఉంటుంది" అంటారు. డబ్లిన్‌లో ఉన్న మా తోడికోడలు కూడా అదే మాట. మా పై ఫ్లాట్‌లో కేరళ ఆంటీ ఒకరున్నారు, నర్సు. ఆవిడేమో "ప్రొవిజనల్ ఉంది కదా, ఇంక దేనికోసం చూస్తున్నావు?" అంటున్నారు.

నాకింత తొందర ఎందుకో కూడా చెప్పాలి. మా ఆయనకి నెలలో రెండు వారాలు నైట్ డ్యూటీ. పోయిన నెల ఒక రాత్రి ఒంటిగంటకి పాపకి జ్వరం 39.6 సెల్సియస్ ఉంది. ఫోన్ చేస్తే పిల్లని తీసుకురమ్మన్నారు. టాక్సీ కోసం 40 నిమిషాలు కిటికీ దగ్గర పాపని ఎత్తుకుని నిలబడ్డాను. కింద మా కారు, అద్దం మీద మంచు పట్టి, అక్కడే ఉంది. ఆ రోజు మా ఆయన బస్సులో వెళ్ళారు. తాళాలు గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతున్నాయి. ఆ రాత్రి తర్వాత నేను ఆగలేకపోతున్నాను.

థియరీకి ముందు నడపొచ్చా, లేదా? నడపొచ్చంటే మా ఆయన పక్కన కూర్చుంటే సరిపోతుందా? ఆయనకి ఇండియా లైసెన్స్ 11 ఏళ్ళ నుంచి ఉంది, ఇక్కడి టెస్ట్ పాసై రెండేళ్ళ మూడు నెలలు. ఆదివారం సాయంత్రం షాపులు మూసేశాక రిటైల్ పార్క్ ఖాళీగా ఉంటుంది కదా, అక్కడైతే ఇన్సూరెన్స్ లేకపోయినా ఫర్వాలేదని ఒకరన్నారు. అదీ నిజమేనా?

---

డబ్లిన్_బాబాయ్:

అమ్మా, తొందరపడకు. థియరీ పాసవ్వకుండా కారు ఎక్కకూడదు. ముందు థియరీ, ఆ సర్టిఫికెట్ చూపిస్తేనే లెర్నర్ పర్మిట్ ఇస్తారు. ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ దగ్గర 12 క్లాసులు తప్పనిసరి. మొదటిసారి పర్మిట్ తీసుకున్నవాళ్ళు ఆరు నెలలు ఆగాకే టెస్ట్‌కి వెళ్ళాలి. మా అబ్బాయి మొన్ననే ఇదంతా పూర్తి చేశాడు. మీ ఆయన చెప్పిందే కరెక్ట్.

---

లెస్టర్_అక్క:

బాబాయ్ గారు చెప్పింది ఐర్లాండ్‌కి నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ స్విండన్‌కి అది వర్తించదు. మన ఎల్‌ఎల్‌ఆర్ పద్ధతి, ఐర్లాండ్ పద్ధతి ఒకేలా ఉండటం వల్ల మనవాళ్ళలో చాలామంది ఇక్కడా ముందు థియరీయే అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకుని ఐదు నెలలు పోగొట్టుకున్నాను.

చెల్లీ, బ్రిటన్‌లో వరస వేరు. ప్రొవిజనల్ చేతికొచ్చి, 17 ఏళ్ళు నిండితే ఆ రోజు నుంచే రోడ్డెక్కొచ్చు. ఇన్‌స్ట్రక్టర్‌తో క్లాసులూ తీసుకోవచ్చు, ఇంట్లోవాళ్ళతో ప్రాక్టీసూ చేయొచ్చు. థియరీ పాసవ్వకపోతే ఆగేది ఒక్కటే, ప్రాక్టికల్ టెస్ట్ బుక్ చేసుకోలేవు. అంతకు మించి థియరీకీ, నువ్వు స్టీరింగ్ పట్టుకోవడానికీ ఏ సంబంధమూ లేదు. మీ పై ఫ్లాట్ ఆంటీ చెప్పింది నిజం.

అయితే నువ్వు వేసిన రెండో ప్రశ్న ఉంది చూడు, అసలు చిక్కు అక్కడే ఉంది. మీ ఆయన నీ పక్కన కూర్చోకూడదు. ఇంకా తొమ్మిది నెలలు ఆగాలి.

పక్కన కూర్చునేవాళ్ళకి 21 ఏళ్ళు దాటి ఉండాలి, ఫుల్ లైసెన్స్ వచ్చి మూడేళ్ళు నిండి ఉండాలి. ఆ మూడేళ్ళు లెక్కలోకి రావాలంటే లైసెన్స్ యూకేది గానీ, యూరోపియన్ యూనియన్ దేశాలదిగానీ, స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లిక్టన్‌స్టయిన్‌లదిగానీ అయి ఉండాలి. ఇండియా ఆ జాబితాలో లేదు. మీ ఆయన మన రోడ్ల మీద 11 ఏళ్ళు కాదు, 20 ఏళ్ళు నడిపినా ఈ లెక్కకి అది సున్నా. మనసుకి కష్టంగానే ఉంటుంది, కానీ రూల్ అదే.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. మాకు తెలిసిన ఒకాయన "మీవారికి మొత్తం తొమ్మిదేళ్ళ అనుభవం ఉంది కదమ్మా, నిశ్చింతగా వెళ్ళండి" అన్నారు. ఇక్కడే పదేళ్ళ నుంచి ఉంటున్న పెద్దమనిషి, నమ్మాం. మావారు అప్పటికి ఇక్కడి టెస్ట్ పాసై ఏడాదిన్నర. ఎల్ ప్లేట్లు కట్టాం, ఇన్సూరెన్స్‌లో నా పేరు చేర్పించాం, అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నాం. మెల్టన్ రోడ్డులో ఓ శనివారం సాయంత్రం సిగ్నల్ దగ్గర కారు రెండుసార్లు ఆగిపోయింది. క్లచ్ త్వరగా వదిలేశాను. గ్రీన్ పడింది, మళ్ళీ రెడ్ పడింది, వెనక వరసంతా ఆగిపోయింది. ఆ వరసలో మూడో బండి పోలీసు కారు.

పక్కకి ఆపించారు. ఆ ఆఫీసర్ చాలా మర్యాదగా మాట్లాడింది, నీళ్ళు తాగుతావా అని కూడా అడిగింది. మావారిని లైసెన్స్ చూపించమంది. ఆయన ఇండియాలో తొమ్మిదేళ్ళ నుంచి నడుపుతున్నానని చెప్పారు. ఆవిడ కార్డు తిప్పి వెనకవైపు చూసింది. అక్కడ చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది, బి అనే వరసలో 10 అని రాసి ఉన్న గడి. అందులో ఉన్న తేదీ మీద వేలు పెట్టి "ఇది లెక్క" అంది. ఏడాదీ ఏడు నెలలు. అంతే. 100 పౌండ్ల జరిమానా, నా ప్రొవిజనల్ మీద 3 పెనాల్టీ పాయింట్లు. ఇంటికి మావారే నడుపుకుంటూ వచ్చారు, నేను వెనక సీట్లో కూర్చున్నాను. ముందు కూర్చోబుద్ధి కాలేదు.

డబ్బు పోయినందుకు నాకు బాధ లేదు. ఆ పాయింట్లు ప్రొవిజనల్‌తో పోతాయనుకున్నాను, పోలేదు. టెస్ట్ పాసయ్యాక ఫుల్ లైసెన్స్ మీదికి నాతోపాటే వచ్చాయి. ఇక్కడ పాసైన మొదటి రెండేళ్ళలో మొత్తం 6 పాయింట్లయితే లైసెన్సే రద్దు చేస్తారు, మళ్ళీ ప్రొవిజనల్, మళ్ళీ థియరీ, మళ్ళీ ప్రాక్టికల్. నాకు మొదటి రోజు నుంచే సగం నిండి ఉంది. కెమెరాలో ఒక్కసారి పడితే చాలు. ఆ రెండేళ్ళూ స్పీడోమీటర్ వంకే చూస్తూ నడిపాను. సరైన మనిషి పక్కన లేకుండా నడిపితే జరిమానా 1,000 పౌండ్ల దాకా, పాయింట్లు 6 దాకా వెళ్ళొచ్చు. నేను తక్కువలో బయటపడ్డానన్నమాట.

అందుకే చెబుతున్నాను, ముందు మీ ఆంటీ గారి కార్డు వెనకవైపు చూడు. తేదీ ఒక్కటే కాదు, 78 అని కోడ్ ఉందేమో కూడా చూడు. అది ఉంటే ఆవిడ ఆటోమేటిక్‌లో పాసైనట్టు. మీ కారు గేర్లదైతే ఆవిడ పక్కన కూర్చోవడానికి కుదరదు. కార్డు చూపించమని పెద్దావిడని అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నాకు తెలుసు. అయినా అడుగు. ఆవిడ ఫోన్ కూడా బ్యాగులో పెట్టేయమను. పక్కన కూర్చున్నవాళ్ళు ఫోన్ చేత్తో పట్టుకుని వాడటమూ తప్పే. తాగి ఉంటే ఆ రూల్ కూడా నడిపేవాళ్ళకి ఎలాగో వాళ్ళకీ అలాగే.

రిటైల్ పార్క్ సంగతి. అది ప్రైవేటు స్థలమే కావచ్చు, కానీ ఎవరైనా రాగలిగే చోటు. చట్టం దృష్టిలో పబ్లిక్ ప్లేసే. ఇన్సూరెన్స్ లేకుండా అక్కడా నడపకూడదు. షాపులు మూసేసి ఉన్నా అంతే. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌండ్లు, 6 పాయింట్లు. ఆ మాట అన్నవాళ్ళు నీ మంచి కోరే అని ఉంటారు, కానీ వినకు.

ఇన్సూరెన్స్‌కి రెండు దారులున్నాయి. మీ ఆయన పాలసీలోనే నీ పేరు చేర్పించడం ఒకటి. లెర్నర్ల కోసం విడిగా రోజులకీ, వారాలకీ అమ్మే పాలసీ తీసుకోవడం రెండోది. రెండోదైతే నువ్వెక్కడైనా గీతలు పెట్టినా మామూలుగా మీ ఆయన నో క్లెయిమ్స్ బోనస్‌కి దెబ్బ తగలదు. ఒకటి మాత్రం చిన్న అక్షరాల్లో చదువుకో. కొన్ని కంపెనీలు పక్కన కూర్చునేవాళ్ళకి 25 ఏళ్ళు ఉండాలంటాయి. ఆంటీకి ఆ ఇబ్బంది ఉండదులే.

ఆ కొక్కేనికి వేలాడే తాళాల మాట చదివితే నాకు కడుపులో తిప్పినట్టయింది. నేర్చుకో తల్లీ. ఈ వారమే మొదలుపెట్టు. సరైన మనిషిని పక్కన పెట్టుకుని మొదలుపెట్టు.

---

కోవెంట్రీ_డ్రైవింగ్_మాస్టారు:

అక్క గారు రూల్స్ అన్నీ స్పష్టంగా చెప్పారు. నేను ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్‌ని. క్లాసు చెప్పేవాడిగా నాకు తెలిసిన ఒక విషయం కలుపుతాను.

థియరీకి ముందు నడపొచ్చా అని అడిగారు. నా ఉద్దేశంలో నడపడమే మంచిది. థియరీలో రెండు భాగాలుంటాయి. మొదటిది 50 ప్రశ్నలు, 57 నిమిషాలు, 43 సరిగ్గా రావాలి. ఇది చదివితే వస్తుంది. రెండోది హజార్డ్ పర్సెప్షన్, 14 వీడియోలు, 75కి 44 రావాలి. మన పిల్లలు చదువులో ఎంత గట్టివాళ్ళైనా ఫెయిలయ్యేది ఇక్కడే. రోడ్డు మీద ప్రమాదం రాబోతోందని ఎంత తొందరగా కనిపెట్టి క్లిక్ చేస్తే అన్ని మార్కులు, 5 నుంచి 1 దాకా. కంగారులో వరసగా నొక్కుకుంటూ పోతే ఆ వీడియోకి సున్నా.

ఒక్కసారి కూడా రోడ్డెక్కనివాళ్ళు ఆ వీడియోని టీవీ చూసినట్టు చూస్తారు. రెండువైపులా ఆపి ఉన్న కార్లు, మధ్యలో ఒక వ్యాన్. వాళ్ళకి వ్యాన్ కనిపిస్తుంది. నాలుగు క్లాసులు నడిపిన పిల్ల అదే వీడియోలో వ్యాన్ కింద చూస్తుంది. టైర్ల మధ్య నుంచి రెండు చిన్న బూట్లు కదులుతూ ఉంటాయి. క్లిక్. ఎందుకంటే మొన్న మంగళవారం నిజంగానే ఒక వ్యాన్ వెనక నుంచి పిల్లాడు రాబోతుంటే నేను నా వైపు బ్రేక్ తొక్కాను, ఆ కుదుపు దానికి గుర్తుంది. పుస్తకంలో 30 మైళ్ళ వేగంలో ఆగడానికి 23 మీటర్లు కావాలని ఉంటుంది. అది బట్టీ పట్టొచ్చు. ఆ 23 మీటర్లంటే ఆరు కార్ల పొడవు. సీట్లో కూర్చుని చూస్తేగానీ అది ఎంత దూరమో ఒంటికి పట్టదు.

అలాగని థియరీని పక్కన పడేయొద్దు. 23 పౌండ్లే, ఒకవేళ పోతే మూడు పని దినాల తర్వాత మళ్ళీ రాయొచ్చు. పాసైతే రెండేళ్ళు చెల్లుతుంది. ప్రాక్టికల్ స్లాట్లకి క్యూ పెద్దది, థియరీ ఎంత ముందు పాసైతే ఆ క్యూలో అంత ముందు నిలబడతారు. ప్రాక్టికల్‌కి మామూలు రోజుల్లో 62, సాయంత్రాలూ వారాంతాలూ అయితే 75 పౌండ్లు. ఈ థియరీ ఇంగ్లీషులోగానీ వెల్ష్‌లోగానీ మాత్రమే ఉంటుంది. వేరే భాషల్లో వినిపించే ఏర్పాటు 2014లోనే తీసేశారు. కాబట్టి 'గివ్ వే', 'ప్రయారిటీ' లాంటి మాటలు ఇంగ్లీషులోనే చెవికి అలవాటు చేసుకోండి. మొదట్లో నాకు తెలుగువాళ్ళు దొరికితే తెలుగులోనే చెప్పేవాణ్ణి, ఇప్పుడు రోడ్డు మాటలు మాత్రం ఇంగ్లీషులోనే చెబుతాను.

ఇంకొక్కటి. మొదటి రెండు మూడు క్లాసులు మాత్రం డబ్బు పోయినా ఇన్‌స్ట్రక్టర్ దగ్గరే తీసుకోండి. అద్దం మీద ఆకుపచ్చ అష్టభుజి బ్యాడ్జి ఉందో లేదో చూసుకోండి. గులాబీ త్రికోణం ఉంటే ట్రైనీ అన్నమాట, తప్పేం లేదు, కానీ మీకు తెలిసి ఉండాలి. ఆంటీ గారి కారులోగానీ మీ కారులోగానీ ఆవిడ వైపు బ్రేక్ ఉండదు. పాదాలకి క్లచ్, బ్రేక్ తెలిశాక ఆవిడ పక్కన కూర్చుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు. మోటార్‌వే మాటే తలపెట్టొద్దు. 2018 జూన్ నుంచి లెర్నర్లు వెళ్ళొచ్చు గానీ, రెండువైపులా పెడల్స్ ఉన్న కారులో, అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌తో మాత్రమే. మీ ఊరి పక్కనే ఎం4 ఉంది కాబట్టి చెబుతున్నాను, తెలియక ఎక్కేయగలరు.

---

కార్డిఫ్_నాన్న:

మా అమ్మాయికి 17 నిండిన రోజే కారు ఎక్కింది, థియరీ రెండు నెలల తర్వాత రాసింది. ఏ ఇబ్బందీ రాలేదు. సగటున 45 గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో, 22 గంటలు ఇంట్లోవాళ్ళతో పడుతుందని అంటుంటారు. మాకూ అటూ ఇటూగా అంతే పట్టింది. ఆ 22 గంటలూ నేనే కూర్చున్నాను. ఇంట్లో అరవని మనిషిని కారులో అరిచాను. అందుకే కూర్చునేవాళ్ళని ఎంచుకునేటప్పుడు లైసెన్స్ తేదీతో పాటు ఓపిక కూడా చూసుకోమ్మా.

వేల్స్‌లో ఎల్ బదులు డి ప్లేటు కూడా పెట్టుకోవచ్చు, కానీ మీరు ఎప్పుడైనా ఇటు వచ్చి కొనుక్కుంటే అది స్విండన్‌లో పనికిరాదు. ఇంగ్లాండ్‌లో ఎల్ ఉండాల్సిందే, ముందూ వెనకా. మీ ఆయన డ్యూటీకి కారు తీసుకెళ్ళేటప్పుడు తీసేయడం మర్చిపోకండి. అయస్కాంతం ప్లేట్లు తీసుకుంటే సులువు. మా వాటిల్లో ఒకటి గాలికి ఎగిరిపోయింది, అప్పటి నుంచి బయల్దేరే ముందు చేత్తో నొక్కి చూసేవాణ్ణి.

---

గోదారి_టు_స్విండన్:

అక్కా, మాస్టారూ, అన్నయ్యా, అందరికీ ధన్యవాదాలు. డబ్లిన్ బాబాయ్ గారికి కూడా. మీరు చెప్పాకే మా తోడికోడలు ఎందుకలా అందో అర్థమైంది.

అక్క రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. థియరీ ముందు నడపొచ్చు అన్న చోట ఆయన ఒప్పుకోలేదు, గవర్నమెంట్ సైట్ తెరిచి చూశారు. మూడేళ్ళ సంగతి దగ్గరికి వచ్చేసరికి లేచి తన కార్డు తెచ్చుకుని వెనక్కి తిప్పారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయి ఉండేదాన్ని, అక్కా. ఆదివారం వెళ్దామని నేను అనుకోవడం కూడా అయిపోయింది.

పైకి వెళ్ళి ఆంటీని కార్డు చూపించమని అడిగాను. ఏమైనా అనుకుంటారేమోనని గుమ్మం దగ్గరే రెండు నిమిషాలు నిలబడ్డాను. ఆవిడ నవ్వి, "నువ్వు అడక్కపోతే నేనే చూపించేదాన్ని" అన్నారు. పాసై తొమ్మిదేళ్ళు, గేర్ల కారే, 78 లేదు. లెర్నర్ ఇన్సూరెన్స్ నెలకి తీసుకున్నాం. మాస్టారు చెప్పినట్టు ముందు ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మూడు క్లాసులకి మాట్లాడుకున్నాను.

---

గోదారి_టు_స్విండన్, ఐదు వారాల తర్వాత:

ఏమైందో చెప్పకుండా ఊరుకోవడం బాగోదని మళ్ళీ రాస్తున్నాను.

మొదటి క్లాసులో ఇన్‌స్ట్రక్టర్ కారు ఎక్కనివ్వలేదు. ముందు ప్రొవిజనల్ చూశారు, తర్వాత దూరంగా ఆపి ఉన్న కారు నంబర్ ప్లేటు చదవమన్నారు. 20 మీటర్ల నుంచి చదవగలగాలట, టెస్ట్ రోజు కూడా అదే మొదట అడుగుతారట. కళ్ళజోడు ఇంట్లో పెట్టి వచ్చాను. పరిగెత్తుకుంటూ వెళ్ళి తెచ్చుకున్నాను.

క్లచ్ గురించి మీరందరూ రాసింది చదివి ఏదో కష్టమైన విద్య అనుకున్నాను. ఆయన నన్ను యాక్సిలరేటర్ ముట్టుకోవద్దన్నారు. చదునైన రోడ్డు మీద, ఫస్ట్ గేర్‌లో, ఎడమ పాదం ఒక్కటే, కాగితం మందం చొప్పున పైకి లేపమన్నారు. ఒకచోట ఇంజిన్ శబ్దం కొంచెం దిగింది, కారు ముక్కు ఒక్క వెంట్రుకవాసి పైకి లేచినట్టు అనిపించింది. "అదే, అక్కడే ఆపు" అన్నారు. పాదం అలాగే పట్టుకుంటే కారు తనంతట తానే నడక వేగంతో కదిలింది. 20 సార్లు అదే చేయించారు. ఇప్పుడు ఇంట్లో కుర్చీలో కూర్చున్నా నా ఎడమ పాదం ఆ ఎత్తు దగ్గర ఆగుతుంది.

ఆంటీతో ఏడుసార్లు వెళ్ళాను. ఎప్పుడూ ఒకే దారి, మా వీధి, స్కూల్ రోడ్డు, చిన్న రౌండబౌట్ ఒకటి, మళ్ళీ ఇల్లు. ఈ ఊళ్ళో పెద్ద రౌండబౌట్ ఒకటుంది, ఒకదాని చుట్టూ ఐదు చిన్న రౌండబౌట్లు, 1972 నాటిది, మ్యాజిక్ రౌండబౌట్ అంటారు. అటు మాత్రం ఇన్‌స్ట్రక్టర్‌తోనే వెళ్ళాను. లోపల మధ్యలో ఉన్నదాని చుట్టూ ఎదురు దిక్కులో తిరగొచ్చని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. మొత్తం ఒకేసారి చూస్తే భయం వేస్తుంది, ఒక్కో చిన్నదాన్ని విడిగా చూసుకుంటూ కుడివైపు నుంచి వచ్చేవాళ్ళకి దారి ఇచ్చుకుంటూ పోతే దాటిపోతాం.

19న థియరీ రాశాను. 50కి 47, వీడియోల్లో 75కి 56. మాస్టారూ, ఒక వీడియోలో నిజంగానే ఆపి ఉన్న కారు డ్రైవర్ వైపు అద్దంలో తల కదలడం కనిపించింది, తలుపు తెరుచుకోకముందే నొక్కాను. స్కూల్ రోడ్డులో పిల్లల్ని దించే టైమ్‌లో ఆంటీ నాకు రోజూ అదే చెప్పేవారు, "కారు చూడకు, కారులో మనిషిని చూడు" అని.

ప్రాక్టికల్‌కి ఐదు నెలల తర్వాత స్లాట్ దొరికింది. మా ఆయనకి మూడేళ్ళు నిండేది దానికి ఇంకో రెండు మూడు నెలల తర్వాత. ఆయన ఇప్పుడు వారాంతాల్లో పాపని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడి మేం వీధి మలుపు తిరిగేదాకా చూస్తున్నారు. ఎల్ ప్లేట్లు తీసి, తాళాలు మళ్ళీ ఆ కొక్కేనికే తగిలించడం నా పని.

---

లెస్టర్_అక్క:

56 అంటే చాలా మంచి మార్కు చెల్లీ, నాకు 49 వచ్చింది. ఇన్సూరెన్స్ నెలకి తీసుకున్నానన్నావు, ఐదు వారాలైంది. పొడిగించావా? బండి తీసే ముందు ఇవాళే చూసుకో.

---

గోదారి_టు_స్విండన్:

పొడిగించానక్కా. పోయిన ఆదివారమే.